గురీన్ లోవ్‌డాల్ పట్టిన మీగడ దొంగ

విస్కాన్సిన్ మొత్తంలో అంతటి పాలదొంగ పుట్టలేదు, ఇకముందు పుట్టబోడు. ముప్పై ఏళ్ళలో ఆ దొంగ కాజేసిన మీగడంతా ఒకచోట పోస్తే స్కోగ్‌డాల్ లోయ అంచులదాకా నిండిపోయి, చర్చి మెట్ల దగ్గర పడవెక్కి చీజ్ ఫ్యాక్టరీ గుమ్మంలో దిగొచ్చు. మనిషి ఏడడుగుల ఎత్తు. చేతులు చాటలంత. అలాంటి దొంగని 1892 వసంతకాలంలో గురీన్ లోవ్‌డాల్ అనే యాభై ఆరేళ్ళ విధవరాలు ఒంటిచేత్తో పట్టుకుని, జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, పాలు పోసే రైతులందరి ముందూ నిలబెట్టింది. ఇందులో అబద్ధం ఒక్క గరిటెడు కూడా లేదు. ఉంటే గింటే నాలుగు గరిటెలు.

గురీన్‌కి అనుమానం ఉగ్గుపాలతో వచ్చింది. బాప్తిస్మం రోజున పాస్టరు నెత్తిన నీళ్ళు పోస్తే మిగతా పిల్లలు ఏడుస్తారు. ఈవిడ ఒక కన్ను తెరిచి, గిన్నెలో ఇంకా ఎన్ని మిగిలాయో చూసిందట. నార్వే నుంచి ఓడలో వస్తున్నప్పుడు సముద్రం ఉప్పగా ఉంటుందని అందరూ అంటే, నమ్మక, చేంతాడుకి చెంబు కట్టి తోడి రుచి చూసింది. మర్నాడు ఇంకోచోట మళ్ళీ తోడి చూసింది. భర్త పేదెర్ పోయినప్పుడు డాక్టరు మాట నమ్మకుండా అతని ముక్కు దగ్గర అద్దం ముక్క పెట్టి చాలాసేపు పట్టుకుంది. అద్దం మసకబారలేదు. ఆ తరువాతే ఏడ్చింది.

పేదెర్ ఆమెకి మిగిల్చింది తొమ్మిది ఆవులు, ఒక రాతి పాలగది, తాను చెక్కిన ఒక కొయ్య గరిటె. పాలగదిలో ఊటనీళ్ళు పారే తొట్టి ఉంది. సాయంత్రం పితికిన పాలు క్యాన్లలో పోసి ఆ తొట్టిలో నిలబెడితే తెల్లారేదాకా చల్లగా ఉంటాయి. పొద్దున్నే ఉదయప్పాలు కూడా కలిపి, బండి కట్టి, ఫ్యాక్టరీకి తోలుకెళ్ళాలి. పాలు పోయడానికి లోయలో వేరే చోటు లేదు. ఫ్యాక్టరీ పాలు వద్దంటే తొమ్మిది ఆవుల పాలూ పందుల తొట్టిలోకే.

ఫ్యాక్టరీ ఇరవై రెండు కుటుంబాలు కలిసి పెట్టుకున్నది. చీజ్ చేసేవాడు మెల్కియోర్ అనే స్విట్జర్లాండ్ మనిషి, మీసాల్లో ఎప్పుడూ పాలవిరుగుడు వాసనే. ఎవరి పాలు ఎంత బరువు తూగితే అంత పంచి ఇచ్చేవాడు. ఈ బరువు దగ్గరే గురీన్‌కి నిద్ర పట్టేది కాదు. పాలకి బరువుంటుంది, సరే. నీళ్ళకీ ఉంటుంది కదా.

ఆమె అనుమానమంతా పక్క పొలం అస్లాక్ రుడ్నింగెన్ మీద. అస్లాక్ ఫ్యాక్టరీ సంఘానికి పెద్ద, పేదెర్‌కి స్నేహితుడు, మాట మెత్తన. ఈ మూడూ కలిస్తే దొంగ కాక మరేమిటని గురీన్ లెక్క. పైగా ఫ్యాక్టరీకి వచ్చే దారిలో వాగు దగ్గర అతని బండి రోజూ కాసేపు ఆగేది.

"గుర్రానికి నీళ్ళు పట్టిస్తున్నా వదినా," అనేవాడు.

"గుర్రానికో, క్యాన్లకో."

"క్యాన్లకి దాహమెందుకు వేస్తుంది?"

"ఏమో మరిదీ. నీ క్యాన్లకి పొద్దున్నే చెమటలు పట్టి ఉంటాయి. నేను చూస్తూనే ఉన్నా."

ఇలా రోజూ అనుమానించే మనిషిని లోయ ఎలా భరించిందని అడగొచ్చు. జావ వల్ల భరించింది. స్కోగ్‌డాల్‌లో ఎవరు ప్రసవించినా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బాలింతకి మీగడ జావ పట్టుకెళ్ళాలి. పుల్లటి మీగడని పిండితో కలిపి, వెన్న తేలి పైకి వచ్చేదాకా ఉడికించి, పూలు గీసిన మూత చెక్కడబ్బాలో పోసి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ డబ్బా మోసుకుని వరసలో అందరికంటే ముందు గడప తొక్కేది గురీనే. జావ తాగుతున్న బాలింత పక్కన కూర్చుని, పసివాడి ముక్కు ఎవరి పోలికో అని కాసేపు అనుమానంగా చూసి, లేచి వెళ్ళిపోయేది. ఆమె జావ మీద తేలే వెన్న లోయలో ఇంకెవరి జావ మీదా తేలదని శత్రువులు కూడా ఒప్పుకునేవాళ్ళు.

రాజధానిలోని వ్యవసాయ కాలేజీలో పాలల్లో వెన్న ఎంతుందో చెప్పే యంత్రం కనిపెట్టారన్న కబురు ఆ చలికాలంలో వచ్చింది. గురీన్ ఆ మాట వినగానే సంఘం సమావేశంలో లేచి నిలబడింది.

"తెప్పించాలి," అంది.

"ఏమిటో తెలుసా అది?" అన్నాడు అస్లాక్.

"దొంగలకి తెలియాలి. నాకెందుకు?"

యంత్రం తెప్పించాలని చెప్పడంతో ఊరుకోలేదు. షరతు కూడా తానే చెప్పింది. వందపాళ్ళ పాలల్లో మూడుపాళ్ళ వెన్నకి తక్కువ వస్తే ఆ పాలల్లో ఎవరో చెయ్యి పెట్టినట్టే. వరసగా మూడు శనివారాలు అలా వస్తే ఆ పేరు ఫ్యాక్టరీలో పాలు పోసేవాళ్ళ పేర్లు రాసే బోర్డు మీంచి కొట్టెయ్యాలి, చలికాలం దాకా ఆ క్యాన్లు గుమ్మం ఎక్కకూడదు. అస్లాక్ పెన్సిలు నాలికతో తడుపుకుని పుస్తకంలో ఎక్కించాడు.

"రాశాను వదినా. నీ నోటి మాటే, అక్షరం మార్చలేదు."

"మార్చలేదని నువ్వంటే సరా? చదివి వినిపించు," అంది గురీన్. రెండుసార్లు చదివించుకుంది.

ఏప్రిల్‌లో యంత్రం దిగింది. ఇంతా చేసి అది మూకుడంత ఇనప చట్రం, పక్కన తిప్పే పిడి. మెల్కియోర్ ప్రతి రైతు క్యాన్లోంచీ రోజూ కాసిన్ని పాలు తీసి, పేరు రాసిన సీసాలో పోసుకునేవాడు. శనివారం నాడు ఆ పాలని సన్నమెడ గాజుబుడ్డిలో కొలిచి పోసి, అంతే కొలత గంధకామ్లం పోస్తే పాలు కాఫీరంగుకి తిరిగి చెయ్యి కాలేంత వేడెక్కేవి. బుడ్డిని చట్రంలో దింపి గిరగిరా తిప్పి, వేడినీళ్ళు పోసి మళ్ళీ తిప్పితే వెన్నంతా మెడలోకి ఎక్కి పచ్చగా నిలబడేది. మెడ మీద గీతలుంటాయి. లెక్కపెట్టుకోవడమే.

మొదటి శనివారం గురీన్ ముందుగా బల్ల కిందికి వంగి చూసింది. "కింద ఇంకో పిడి ఏమైనా ఉందా?"

"లేదు గురీన్ గారూ," అన్నాడు మెల్కియోర్.

"ఉంటే ఉందని చెబుతావా?"

మెల్కియోర్ పిడి తిప్పడం మొదలుపెట్టాడు. అస్లాక్ బుడ్డి వచ్చేసరికి గురీన్ ముక్కు దాదాపు గాజుకి ఆనింది. మూడుంబావు. ఆమె మొహం వాడిపోయింది. మిగతావాళ్ళకి మూడున్నర, కొందరికి నాలుగు. ఆఖరున ఆమె బుడ్డి.

మెల్కియోర్ గీతలు ఒకసారి లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నిదానంగా రాశాడు. లోవ్‌డాల్, రెండుముప్పావు.

వెనకాల ఎవరో దగ్గారు.

"తిప్పుడులో తేడా వచ్చింది," అంది గురీన్. "నా బుడ్డి నెమ్మదిగా తిప్పావు. మళ్ళీ తిప్పు."

ఇంకో బుడ్డిలో ఆమె పాలే మళ్ళీ కొలిచి తిప్పాడు. రెండుముప్పావే.

"పోనీ వదినా," అన్నాడు అస్లాక్ మెత్తగా, "మీ క్యాన్లు రాత్రంతా నీళ్ళ తొట్టిలోనే కదా నిలబడేది. వాటికీ దాహం వేసి ఉంటుంది."

ఆ మాటకి అందరూ నవ్వారు. పన్నెండేళ్ళుగా ఆమె చూపు కింద పాలు తూకం వేయించుకున్నవాళ్ళు వాళ్ళంతా. ఇంటికి తిరిగొచ్చే దారిలో గురీన్ గుర్రాన్ని కూడా నమ్మలేదు, రెండుసార్లు వెనక్కి తిరిగి క్యాన్లు ఖాళీగానే ఉన్నాయా అని చూసుకుంది.

ఆ వారం ఆమె అనుమానించని వస్తువు లోయలో లేదు. క్యాన్లు చిల్లులు పడ్డాయేమోనని నిండా నీళ్ళు పోసి పొడిరాయి మీద నిలబెట్టింది. రాయి తడవలేదు. ఆవుల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కదాని కళ్ళలోకి చూసింది. బ్రిండా అనే ఎర్రావు చూపు తిప్పుకుందట. మూడు రోజులు దాని మీద నిఘా వేసి, అది ఈగల్ని చూస్తోందని తేల్చుకుంది. మెల్కియోర్ పాలు తీసే తీరు మీద అనుమానమొచ్చి, పొద్దున్నే అతని మోచేతి పక్కన నిలబడేది. "బాగా కలిపి తియ్యి. పైనుంచి తియ్యకు. అడుగునుంచీ తియ్యకు."

"మరి ఎక్కణ్ణుంచి తియ్యమంటారు?"

"నిజం ఎక్కడుంటే అక్కణ్ణుంచి."

ఇవన్నీ అయ్యాక మళ్ళీ అస్లాక్ దగ్గరికే వచ్చింది. పరువు తీయాలని ఎవరినో పంపించి, తన పాలల్లో నీళ్ళు పోయిస్తున్నాడు. ఇది తేలగానే ఆమెకి ప్రాణం కుదుటపడింది. పాలగదికి అరచెయ్యంత తాళం కొనుక్కొచ్చి వేసింది. తాళం మీద నమ్మకం లేక గుమ్మానికి అడ్డంగా నల్లదారం కట్టింది. దారం మీద నమ్మకం లేక నేలంతా రై గింజల పిండి చల్లింది.

మర్నాడు తెల్లవారుజామున వచ్చి చూసింది. తాళం తాళంలాగే ఉంది. దారం తెగలేదు. పిండి మీద ఎలుక కూడా నడవలేదు. గురీన్ తృప్తిగా నిట్టూర్చి, లోపలికి వెళ్ళి, సాయంత్రప్పాల క్యాను మూత తీసింది. మీగడ మందంగా కట్టి ఉంది. గోడకి వేలాడే పేదెర్ గరిటె అందుకుని నాలుగు గరిటెలు తీసి మట్టికుండలో వేసి మూతపెట్టింది. అస్లాక్ భార్య సిగ్రున్‌కి నెలలు నిండాయి. మీగడ పులియడానికి టైము పడుతుంది కదా. ఆ తరువాత ఉదయప్పాలు కలిపి, క్యాన్లు బండి మీదికి ఎక్కించి, వెనక్కి తిరిగి చూస్తే పిండి నిండా బూటు అడుగులు. వంగి, తన బూటు పెట్టి కొలుచుకుంది. సరిగ్గా సరిపోయింది. తన అడుగులేనని అర్థమయ్యాక కూడా, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు చోట్ల కొలిచింది.

సిగ్రున్‌కి గురువారం అయిదో బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. గురీన్ డబ్బా నిండా జావ పట్టుకుని అందరికంటే ముందు వెళ్ళింది. మొగుడు దొంగైతే బాలింత ఏం చేసింది పాపం. లోయలో ఇంకో ఇద్దరికి నెలలు నిండటంతో ఇంటికొచ్చి కుండ కడిగి మళ్ళీ సిద్ధంగా పెట్టుకుంది.

రెండో శనివారం బోర్డు మీద రెండున్నర.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. బండ్ల దగ్గర మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆమె రాగానే గుర్రాల జీనులు సర్దుకోవడం మొదలుపెట్టారు. చర్చిలో ఆమె బల్ల మీద పక్కన కూర్చునే మనిషి ఆ ఆదివారం ముందు వరసకి మారింది. ఇంకొక్క శనివారం. ఆ తరువాత పేరు పోతుంది. తొమ్మిది ఆవుల పాలు చలికాలం దాకా పందులు తాగుతాయి. వచ్చే ఏడు ఆవులెన్ని మిగులుతాయో చెప్పలేం. గురీన్ ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ వారం తిండి సయించక ఎండురొట్టె కాఫీలో ముంచి కాలం గడిపింది.

శుక్రవారం సాయంత్రం ఆమెకి ఒక ఆలోచన తట్టింది. పాలు పితుకుతూనే తొమ్మిది ఆవుల పాలూ కొంచెం కొంచెం ఒక సీసాలో కలిపి, బిరడా పెట్టి, మైనం కరిగించి పోసి, ఆ మైనం మీద తన పెళ్ళి ఉంగరం అచ్చు వేసింది. సీసాని ఒళ్ళోంచి దించలేదు. మూడో శనివారం ఫ్యాక్టరీలో దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది పొదుగు నుంచి తిన్నగా వచ్చింది. ఇది కొలువు. దీని పక్కనే క్యాను పాలు కొలువు. నేనే తిప్పుతా."

ఆమే తిప్పింది. చెంపలు ఎర్రబడేదాకా తిప్పింది. మెల్కియోర్ రెండు బుడ్లనీ వెలుగుకి ఎత్తిపట్టాడు. క్యాను పాలు రెండున్నర. పొదుగు పాలు మూడుముప్పావు.

"చూశారా," అంది గురీన్. "నా ఆవులు మంచివే. పొదుగుకీ క్యానుకీ మధ్య దొంగున్నాడు."

"ఒప్పుకుంటా," అన్నాడు అస్లాక్. "మరి మధ్యలో ఎవరున్నారు వదినా?"

"గదికి తాళముంది."

"తాళంచెవి?"

"నా మెడలో."

"అయితే మెడని అనుమానించాలి," అన్నాడు అస్లాక్, ఎగతాళి లేకుండా. అతని చేతిలో సుద్దముక్క ఉంది. సంఘం పెద్ద కాబట్టి పేరు కొట్టెయ్యడం అతని పనే.

మెల్కియోర్ ఈలోపు క్యాను పాలు కాసిని విరగ్గొట్టి, ఆ తేటని బుడ్డిలో పోసి తూచి చూస్తున్నాడు. "నీళ్ళు కాదు గురీన్ గారూ. నీళ్ళు పోస్తే పాలతేట తేలికపడుతుంది. మీ పాలకి తేట సరిగ్గానే ఉంది. ఎవరో పైన మీగడ మాత్రమే ఎత్తేస్తున్నారు."

అప్పుడే సిగ్రున్ పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆ రోజే మొదటిసారి ఇల్లు కదలడం. ఇంకో చేతిలో పూలు గీసిన చెక్కడబ్బా. ఇచ్చిన డబ్బాని ఖాళీగా తిరిగివ్వకూడదు గనక అందులో ఉన్ని మేజోళ్ళు పెట్టుకొచ్చింది.

"పెద్దమ్మా, ఇక్కడున్నారని తెలిసి తెచ్చాను. మీ జావ మీద వెన్న నాలుగు వేళ్ళ మందం తేలింది. ఇంత మీగడ మీకు ఎక్కణ్ణుంచి వస్తుంది పెద్దమ్మా?"

గురీన్ డబ్బా అందుకుంది. మూత మీద పూల వంక చూసింది. ఆ గదిలో ఇరవై మంది ఉన్నారు, ఇరవై మందీ ఆమె ముఖాన్నే చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కరికి కూడా తట్టలేదు, ఎందుకంటే ఆ లోయలో పుట్టిన ఏ మనిషికీ అది తట్టదు. నీళ్ళు కలిపేవాడు దొంగ. అమ్ముకోవడానికి మీగడ ఎత్తేవాడు దొంగ. బాలింత జావకి గరిటె పెట్టడాన్ని ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు. తూకంలో నాలుగు గరిటెలు తెలిసేవీ కాదు. కాటా చూడనిదాన్ని ఈ ఇనప మూకుడు చూసింది.

నోరు మూసుకోవచ్చు. ఎర్రావుకి జబ్బు అనొచ్చు. గురీన్ ఈ రెండు దారుల వంకా కొంచెంసేపు చూసిందనే చెప్పాలి. కానీ పన్నెండేళ్ళుగా దొంగ కోసం కాచుక్కూచున్న మనిషి, తీరా దొరికాక వదిలేస్తుందా.

"అస్లాక్," అంది. మరిదీ అనలేదు. "సుద్ద తియ్యి. దొంగ నేను. రోజూ నాలుగు గరిటెలు ఎత్తాను. జావకి. మీ అందరి పాలతో కలిసే పాలల్లోంచి మీగడ ఎత్తి, మీ అందరితో సమానంగా తూకం డబ్బు తీసుకున్నాను. పేరు కొట్టెయ్యి."

అస్లాక్ బోర్డు వైపు తిరిగాడు. చెయ్యెత్తాడు. దించాడు. "పోనీలే వదినా. జావకే కదా. ఇంతటితో వదిలేద్దాం."

గురీన్ కళ్ళు చికిలించింది. పన్నెండేళ్ళుగా ఆ చూపు తెలిసినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎందుకు వదిలేస్తావు?"

"అంటే... పాతకాలం ఆచారం..."

"షరతు అక్షరం మార్చకుండా రాసుకున్నవాడివి. ఇప్పుడు ఇంత జాలేమిటి? నీది మూడుంబావు. మీ ఆవులు నావాటికంటే నున్నగా ఉంటాయి. నిజం చెప్పు మరిదీ, మీ ఇంటి గరిటె ఎంత?"

అస్లాక్ మెడ ఎర్రబడింది. సిగ్రున్ బిడ్డని భుజం మార్చుకుంది.

"మాది పెద్ద గరిటె పెద్దమ్మా," అంది. "కానీ నేను మూడే వేస్తాను."

వెనకాల ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆపుకున్నది ఎవరా అని గురీన్ అటు తిరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చూపు ఎటు తిరిగితే అటు ఉన్నవాళ్ళు నేలచూపులు చూశారు. ఒకరి తరువాత ఒకరు ఇంటి గరిటెల లెక్క చెప్పడం మొదలుపెట్టారు. రెండన్నవాళ్ళున్నారు, చిన్న గరిటెలన్నవాళ్ళున్నారు, మా ఆవిడకి తెలియాలి అన్నవాళ్ళున్నారు. మెల్కియోర్ బల్ల అంచు మీద కూలబడ్డాడు.

"పన్నెండేళ్ళు," అన్నాడు. "ప్రతి వసంతంలోనూ చీజ్ పొడిబారుతుంటే గడ్డిని తిట్టుకున్నాను. మీ ఎండాకాలపు రాత్రులనా నేను తిట్టుకోవాల్సింది?"

ఆ మాటకి సిగ్రున్ కూడా ఎర్రబడింది.

ఆఖరికి దారి చూపించింది మెల్కియోరే. పేర్లు కొట్టేస్తూ పోతే బోర్డు మీద మిగిలేది సుద్దపొడే. అందుకని తూకానికి పంచడం మానేద్దాం, బుడ్డిమెడ మీద గీతలకి పంచుదాం అన్నాడు. ఎవరి క్యానులో ఎంత వెన్న ఉంటే అంతే వాళ్ళది. మీగడ ఎత్తుకుంటే ఎవరి వాటాలోంచి వాళ్ళు ఎత్తుకున్నట్టే, పక్కవాడి జేబులోంచి కాదు. అస్లాక్ వెంటనే ఒప్పుకున్నాడు. అందుకని గురీన్ ఆ మాట మూడుసార్లు చెప్పించుకుని, ఇందులో అస్లాక్‌కి లాభమేమీ లేదని నమ్మకం కుదిరాకే చెయ్యెత్తింది. పాత షరతు ప్రకారం మాత్రం తన పేరు ఒక వారం కొట్టాల్సిందేనని పట్టుబట్టింది. కొట్టారు. ఆ వారం లోవ్‌డాల్ పందులు తాగినంత పాలు లోయలో ఏ పాస్టరూ తాగి ఎరగడు.

గరిటె మాత్రం గోడకి అలాగే వేలాడింది. ఆ తరువాత ఏళ్ళలో బోర్డు మీద గురీన్ అంకె ఉన్నట్టుండి తగ్గిందంటే, పాలు పోయడానికి వచ్చినవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, ఎవరింట్లో నెలలు నిండాయో లెక్కపెట్టుకునేవాళ్ళు. ఒకసారి పెళ్ళి కాని పిల్ల సంగతి కూడా అలా బోర్డు మీదే ముందు తెలిసింది. వాగు దగ్గర అస్లాక్ బండి ఆగడం మీద అనుమానం ఆమెకి చచ్చేదాకా పోలేదు.

యంత్రం వచ్చాక సిగ్రున్‌కి పుట్టిన ఆ అయిదో బిడ్డకి పెళ్ళయిన రోజున, విందు బల్ల దగ్గర ఒకాయన ఈ కథంతా చెప్పాడు, ఏడడుగుల దొంగతోనూ చర్చి దగ్గర పడవతోనూ సహా. అందరూ నవ్వి, మూల కుర్చీలో మీగడ జావ తింటున్న ముసలి గురీన్ వైపు తిరిగారు. ఆమె చెంచా గిన్నెలో పెట్టి, మూతి తుడుచుకుంది.

"ఏడడుగులు లేను. అయిదడుగుల రెండంగుళాలు. ముప్పై ఏళ్ళు కాదు, పన్నెండే, అంతకు ముందు ఫ్యాక్టరీ లేదు. నేను ఎవర్నీ పట్టుకోలేదు, ఈడవలేదు. మీగడ నేనే తీశాను. రోజుకి నాలుగు గరిటెలు, అదీ ప్రసవాలున్న నెలల్లోనే."